చింతపండు పులుసులో రాతి నత్తలు

మా అపార్టుమెంటు కింద ఎవరో తలుపులు చేయిస్తున్నారు. నిన్న సాయంత్రం పడిన వానకి వడ్రంగి పోసిన రంపపు పొట్టు తడిసి, పొద్దున్న నేను పాల ప్యాకెట్ల కోసం దిగేసరికి ఆ చెమ్మ వాసన మెట్ల దాకా వచ్చేసింది. పక్కింటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం పాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తడిసిన రంపపు పొట్టు వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ పటమటలో మా తాతయ్య చేపల షెడ్డు కళ్ళముందుకు వచ్చేస్తుంది, అందులో నేను పదేళ్ళ పిల్లనై గౌనుకి చేతులు తుడుచుకుంటూ తిరుగుతుంటాను.

ఆ షెడ్డు మా ఇంటిని ఆనుకునే ఉండేది. పైన రేకులు, చుట్టూ తాటాకు దడి, నడుమ గొలుసులతో వేలాడే పెద్ద కాటా, ఒక మూల గోనెపట్టాలు కప్పి రంపపు పొట్టులో పాతిపెట్టిన ఐసు దిమ్మలు. పొద్దు పొడిచే వేళకి హనుమాన్ జంక్షన్ మీదుగా కొల్లేటి చేపల లారీ వచ్చి వాకిట్లో ఆగేది. కొర్రమీనులు తొట్లలో తపతపా తోకలు కొట్టేవి, బందరు రొయ్యలు గంపల్లోంచి మీసాలు బయటికి పెట్టి చూసేవి, గంపలెత్తుకునే ఆడవాళ్ళు బేరాలాడుతూ, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ వీధంతా వినబడేలా నవ్వేవాళ్ళు. మా పిల్లలకి మాత్రం వీటన్నిటికంటే ఐసు ముఖ్యం. ఎండాకాలం మధ్యాహ్నాలు పొట్టులో మోచేతుల దాకా చేతులు దూర్చి, సుత్తి దెబ్బకి రాలిన పెచ్చులు వెతికి పట్టుకుని, పొట్టు దులిపీ దులపకుండానే నోట్లో వేసుకునేవాళ్ళం. అందులో కాస్త కర్ర రుచి, కాస్త చేప రుచి ఉండేవి. ఆ తరువాత పెద్ద పెద్ద హోటళ్ళలో ఎన్ని రకాల ఐస్‌క్రీములు తిన్నా దేనికీ ఆ రుచి రాలేదు.

తాతయ్య వాళ్ళ నాన్న బందరు దగ్గర సముద్రం మీద వల వేసినవాడు. తాతయ్య వల వదిలి, చేపల తట్టతో బెజవాడ చేరి, కాలం కలిసొచ్చి ఆ షెడ్డు వేసుకున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకుని కాటా పక్కన పీట మీద కూర్చుంటే ఆయన్ని చూసి లారీ డ్రైవర్లు కూడా బీడీలు పారేసేవాళ్ళు. ఆ పీట మీద తన తరువాత తన కొడుకు కూర్చోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. పెద్దకొడుకైన మా నాన్న టెలిఫోను ఆఫీసులో చేరిపోయి ఆ కోరికని సగానికి కోసేశాడు. మిగిలిన సగం మా సత్యం బాబాయి. ఆ బాబాయికేమో చేపల వాసన పడదు. కాటా దగ్గరికి వస్తే చాలు, తుమ్ము మీద తుమ్ము, కళ్ళమ్మట ధారగా నీళ్ళు. "వల పట్టినోడి ఇంట పుట్టి చేపకి తుమ్మేవోణ్ణి నిన్నే చూశాన్రా" అని తాతయ్య విసుక్కునేవాడు గాని, ఆ విసుగు వెనకాల దిగులే ఎక్కువ ఉండేది.

బాబాయి ఊళ్ళో కాలేజీలో జియాలజీ చదివేవాడు. అంతకు ముందు ఏడు అన్ని పరీక్షలూ గట్టెక్కి, ఒక్క ప్రాక్టికల్స్‌లో బోర్లాపడ్డాడు. ఆ పరీక్షలో బల్ల మీద వరసగా శిలాజాలు పెడతారు. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో బతికి, చచ్చి, బురదలో కూరుకుపోయి రాయిలా మారిన నత్తలన్నమాట. గుల్ల మీద ఉన్న నగిషీని చూసి అది ఏ నత్తో పేరు రాయాలి, గంట కొట్టగానే పక్కదానికి జరగాలి. బాబాయికి పేర్లన్నీ శ్లోకాల్లా వచ్చు. ఏ పేరు ఏ నత్తదో మాత్రం గంట మోగేలోగా తేలేది కాదు. తాతయ్య పంచాయితీ తీర్పు చెప్పినట్టు చెప్పేశాడు: "ఈసారి గూడా పోయిందంటే మళ్ళీ ఫీజు కట్టేది లేదు. మర్నాడే వచ్చి కాటా కాడ కూర్చోవాల." బాబాయి తలొంచుకుని, అప్పుడే తుమ్మొస్తున్నవాడిలా మొహం పెట్టాడు.

గుణదల తిరనాళ్ళు అయిన కొత్తలో ఒకరోజు ఆయన చంకలో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టుకుని వచ్చాడు. వాళ్ళ సారు జాలిపడి, కాలేజీలో అదనంగా ఉన్న శిలాజాల సెట్టు ఒకటి ఇంటి దగ్గర చూసుకోమని ఇచ్చాడట. పరీక్షకి ముందురోజు వాటిని ఉన్నవి ఉన్నట్టు తిరిగి అప్పజెప్పాలి, లేకపోతే హాల్లో అడుగు పెట్టనివ్వనన్నాడట. వరండాలో చాప వేసి, దూది పొరలు విప్పి ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే మేమంతా చుట్టూ చేరాం. తాతయ్య కూడా తువ్వాలు దులుపుకుంటూ వచ్చి వంగి చూశాడు.

"ఇయ్యా? ఇయి మన వలలో పడితే ఇదిలించి పారేసేవోళ్ళం గదరా. ఈటికి పరీక్షేంటి?"

"ఇవి బతికున్నవి కాదు నాన్నా, రాళ్ళు."

"బతికున్నయ్యే తినం, రాళ్ళేం చేసుకుంటాం" అంటూ తాతయ్య మళ్ళీ కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాయనమ్మ మాత్రం వెళ్ళలేదు. కొడుకు పరీక్ష అంటే ఆవిడకి అప్పుడే ప్రాణం గిలగిల్లాడుతోంది. ఒక నత్తని అరచేతిలో పెట్టుకుని, వెలుగుకి ఎత్తి పట్టుకుని, దీన్నెట్టా గుర్తుపడతావో చెప్పరా అంది. బాబాయి చెప్పడం మొదలుపెట్టాడు. ముందు గీత ఎటు పోతోందో చూడాలట. కొన్ని గుల్లలకి గీతలు మెలిక వెంటే తిరుగుతూ పైనించి కిందికి దిగిపోతాయి, కొన్నిటికి మెలికకి అడ్డంగా పక్కటెముకల్లా నిలబడతాయి, రెండు రకాలూ ఉంటే అవి కలుసుకున్నచోటల్లా ఒక బొడిపె లేస్తుంది. బొడిపెలు గుండ్రమా, కోసుగా ఉన్నాయా, ఎన్ని వరసలు, వరసకీ వరసకీ మధ్య ఏముంది, ఇలా చూసుకుంటూ పోతే పేరు దానంతటదే తెలుస్తుందట. "తెలిస్తే ఇంకేంరా, చెప్పు" అంది నాయనమ్మ. బాబాయి ఆ నత్తని తిప్పాడు, బోర్లించాడు, మళ్ళీ తిప్పాడు, చివరికి ఏదో గొణిగాడు. అది తప్పని డబ్బాలో చీటీ చెప్పింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో నత్తల బడి మొదలైంది. ఆ విదేశీ పేర్లు మా నోరు తిరగవు కనక మేము మా పేర్లు పెట్టుకున్నాం. పొడుగ్గా, మెలిక వెంట సన్నగీతలతో ఉండే టరిటెల్లాకి మా అమ్మ 'జంతిక' అని పేరు పెట్టింది, నిజంగానే అది జంతికల గొట్టంలోంచి దిగినట్టే ఉండేది. అడ్డగీతలవాటికి 'గవ్వ', పండక్కి మేము బెల్లం పాకంలో వేసే గవ్వల మీద చెక్క పళ్ళు దించిన చారలు అచ్చం అలాగే ఉంటాయి కనక. ఏ నగిషీ లేకుండా బుర్రలా నున్నగా ఉన్న నాటికా 'బోడిది'. ముళ్ళ మ్యూరెక్స్ 'పల్లేరు'. వరసలు వరసలుగా బొడిపెలు గుచ్చినట్టున్న సెరిథియం మాత్రం నాది. గుణదల తిరనాళ్ళలో నాన్న కొనిపెట్టిన పూసల దండలాగే ఉండేది, అందుకని దానికి 'పూసలది' అని నేనే పేరు పెట్టాను. ఆ పేరు అందరూ ఒప్పుకున్న రోజు నాకు కిరీటం పెట్టినట్టే అయింది.

ప్రతి సాయంత్రం షెడ్డు కడిగి, వాకిట్లో నీళ్ళు చల్లాక పరీక్ష జరిగేది. ఐసు పెట్టెల మూతలు వరసగా పరిచి, ఒక్కో మూత మీద ఒక్కో నత్తని పెట్టేవాళ్ళం. పూజగదిలోంచి గంట తెచ్చి కొట్టే పని నాది. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, నేను గంట కొట్టగానే ఉలిక్కిపడి జరిగేవాడు. తప్పు చెబితే గంపలెత్తుకునే ఆడవాళ్ళు దడి మీంచి చూసి, "అయ్యో సత్తెంగారూ, బోడిదాన్ని పట్టుకుని పూసలదంటారేంటండీ" అని నవ్వేవాళ్ళు. తప్పుకి శిక్ష, కాటా దాకా వెళ్ళి ఒకసారి గట్టిగా గాలి పీల్చి రావడం. ఆయన అక్కడ తుమ్ముతుంటే లెక్కపెట్టడం మాకు పెద్ద వేడుక. మామిడి పిందెలు ఉప్పూ కారంతో నంజుకుంటూ, మల్లెమొగ్గలు విచ్చే వేళ దాకా ఆ ఆట సాగేది. రోజురోజుకీ తుమ్ములు తగ్గాయి. ఫాల్గుణం చివరికొచ్చేసరికి బాబాయి దూరం నుంచి చూసి కూడా పేరు చెప్పేస్తున్నాడు, నాయనమ్మ దేవుడికి కొబ్బరికాయలు మొక్కడం కూడా మానేసి ధీమాగా తిరుగుతోంది.

ఇంతలో ఉగాది వచ్చింది. ఆ పండగ మరునాడే నత్తలు తిరిగి ఇచ్చెయ్యాలి, ఆ తరువాతి రోజు పరీక్ష. పండగ ముందు మా ఇంట్లో ఇత్తడి సామాను మొత్తం అటకమీంచి కిందికి దిగేది. బిందెలు, గుండిగలు, చెంబులు, దీపపు సెమ్మెలు పెరట్లో గుట్టపడేవి, నాయనమ్మ నడుముకి కొంగు బిగించి, పాత చింతపండు పెద్ద బేసిన్లో నానేసి, చిక్కటి పులుసు తీసి, వాటిని ఒక్కొక్కటే రుద్ది బంగారం చేసేది. ఆ ఏడు సామానంతా తోమాక పులుసు ఇంకా మిగిలింది. ఆవిడ కన్ను బిస్కెట్ల డబ్బా మీద పడింది. కొడుకు కాలేజీవాళ్ళకి ఇంత మట్టిగొట్టుకుపోయినవి తిరిగి ఇస్తే మన మర్యాదేం కాను అనుకుంది. పైగా కొత్త సంవత్సరం. అన్నిటినీ పులుసులో వేసి, మూత పెట్టి, దీపం పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది. తరువాత ఒకసారి మూత తీసి చూస్తే సన్నగా బుడగలొస్తున్నాయట. మురికి వదులుతోందని సంతోషపడి మళ్ళీ మూత పెట్టేసింది.

పండగనాడు పొద్దున్నే నాయనమ్మ తలంటుకుని, పళ్ళెంలో తెల్లటి గుడ్డ పరిచి, దానిమీద నత్తల్ని పేర్చి కొడుకు ముందు పెట్టింది. "చూడరా, ఎట్టా మెరుస్తున్నాయో." బాబాయి ఒకటి తీసుకున్నాడు. గోరుతో మెల్లగా గీశాడు. ఇంకొకటి తీసుకున్నాడు. సున్నపు గుల్లకి పులుపు తగిలితే అది కరిగిపోతుందని ఆయనకి తెలుసు, మాకెవ్వరికీ తెలియదు. జంతిక మీది గీతల్లేవు, గవ్వ చారల్లేవు, పల్లేరు ముళ్ళు అరిగి మొటిమల్లా మిగిలాయి, నా పూసలది తడిసిన సబ్బు ముక్కలా జారిపోతోంది. అన్నీ బోడివే. బాబాయి దాన్ని మళ్ళీ గుడ్డ మీద పెట్టేసి వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు. ఆ చూపుతోనే ఆవిడకి అర్థమైపోయింది. "ఏదన్నా తప్పు చేశానారా నేను?" అంది. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. మంచికి పోతే చెడెదురైందంటారే, ఆ మాట పక్కన ఆవిడ ఫొటో పెట్టొచ్చు. పచ్చడి గిన్నె ముట్టలేదు, కొత్తచీర మడత విప్పలేదు, గుమ్మంలో కూర్చుండిపోయింది.

"ఇయి ఎక్కడ దొరుకుతాయో తెలుసా?" అన్నాడు నాన్న. కిందటేడు కాలేజీ తరఫున వెళ్ళిన చోటు బాబాయికి గుర్తుంది, కొవ్వూరు వైపు ఒక సున్నపురాయి గని. పండగ కాబట్టి పనివాళ్ళుండరు. నాయనమ్మ లేచి నిలబడి, తాతయ్య దగ్గరికి వెళ్ళి, "లారీ పంపించండి. నేనూ ఎల్తాను" అంది. జీవితంలో ఆవిడ తాతయ్యని అడిగిన మొదటి కోరిక అదేనేమో, ఆయన కాదనలేకపోయాడు. కాదనకపోగా, లారీ ఎటు తోలుకుపోతారో ఏంటోనని తానూ ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

అంత మంచి ఉగాది నేను మళ్ళీ ఎరగను. చేపల లారీ వెనకాల ఖాళీ గంపలు బోర్లించి, వాటిమీద నాయనమ్మ, అమ్మ, నాన్న, నేను, బాబాయి కూర్చున్నాం. బాబాయి ముక్కుకి తువ్వాలు కట్టుకుని గాలికెదురుగా నిలబడ్డాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఆపి సోడాలు తాగాం, తాటిముంజెలు కొనుక్కున్నాం, అమ్మ కట్టి తెచ్చిన పులిహోర అరిటాకు ముక్కల్లో తిన్నాం. ఉగాదినాడు ఏం చేస్తే ఏడాదంతా అదే చేస్తారని మా ఇళ్ళల్లో నమ్మకం. "అయితే ఏడాదంతా మనం రాళ్ళేరుకోవడమే" అన్నాడు నాన్న. "కొండని తవ్వి ఎలకని పట్టినవాళ్ళని చూసే జనం నవ్వారు, మనం నత్తని పట్టబోతున్నాం." నాయనమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, అది చూసి మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

గనిలో తెల్లటి రాతి పెచ్చులు గుట్టలు గుట్టలుగా పడున్నాయి. ఎండకి కళ్ళు తెరవలేకపోయాం. అందరం తలా ఒక గుట్ట పంచుకుని వంగాం. సముద్రం అక్కడికి ఎంత దూరమో, ఆ నత్తలు అక్కడికెలా వచ్చాయో అని నేనడిగితే, అవి రాలేదు, సముద్రమే వెళ్ళిపోయిందని బాబాయి చెప్పాడు. జంతికలు మొదట దొరికాయి, ఒకటి కాదు, దోసిళ్ళకొద్దీ. అమ్మ గవ్వని పట్టుకుంది. నాన్న బోడిదాన్ని ఏరి, దీనికి చింతపండు ఖర్చు లేదన్నాడు. పల్లేరుని నాయనమ్మే కనిపెట్టి, గుచ్చుకున్న వేలు చీకుతూ, "ఇదేరా, ఇదే" అని కేకలు పెట్టింది. మిగిలింది పూసలది. పొద్దు వాలిపోతోంది. అది ఒక్కటీ లేకపోతే సెట్టు పూర్తి కాదు, సెట్టు పూర్తి కాకపోతే బాబాయి హాల్లోకి వెళ్ళలేడు. రాళ్ళు దొర్లే చప్పుడొక్కటే వినబడుతోంది.

నాకు దాహమేసి లారీ దగ్గరికి వెళ్ళాను. లారీ నీడలో ఒక బండ మీద తాతయ్య కూర్చున్నాడు. రాళ్ళేరడం తన పని కాదన్నట్టు పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడు. నేను చెంబెత్తి తాగుతుంటే, ఆయన కాళ్ళ దగ్గరున్న పెచ్చుల్లోంచి ఒకటి తీసి, ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దాడు. చెంబు అంచు మీంచి నాకు స్పష్టంగా కనబడింది. మూడు వరసల పూసలు. ఆయన దాన్ని గోరుతో మీటి చూశాడు. ఎండలో గుట్ట మీద వంగి ఉన్న కొడుకుని చూశాడు. పిడికిలి మూశాడు. తరువాత దాన్ని రొంటిన దోపుకుని, తాపీగా చుట్ట తీసి వెలిగించుకున్నాడు. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ రాయి ఆయన రొంటిలోనే ఉండిపోతే ఆయన పీట మీద ఆయన కొడుకు కూర్చుంటాడు. పదేళ్ళదాన్నయినా ఆ మాత్రం నాకు తెలుసు.

చుట్ట చివరిదాకా కాలింది. తాతయ్య దాన్ని నేలకేసి నలిపి, లేచి, పంచె దులుపుకున్నాడు.

"ఒరే సత్యం. ఈ పూసలది నీదేనేమో చూడు."

బాబాయి పరుగెత్తుకుంటూ వచ్చి, రెండు చేతుల్తో తీసుకుని, "ఇదే నాన్నా" అన్నాడు. "అయితే బండెక్కండి, చీకటి పడుద్ది" అని తాతయ్య వెళ్ళి ముందు కూర్చున్నాడు. దారంతా మేము పాటలు పాడుకుంటూనే వచ్చాం, నాయనమ్మ ఆ పూసలదాన్ని కొంగున ముడేసుకుని మరీ వచ్చింది.

మర్నాడు సారు డబ్బా తెరిచి, ఇవి మావి కావే అన్నాడట. బాబాయి జరిగింది చెప్పేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వి, ఆ పులుసులో తేలినవి కూడా తెచ్చిపెట్టు, పిల్లలకి పాఠం చెప్పుకుంటానన్నాడట. బాబాయి ప్రాక్టికల్స్‌లో ఒక్క తప్పు లేకుండా రాశాడు. ఏడాది తిరక్కుండా బొగ్గు గనుల్లో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడు. ఆయన్ని రైలెక్కించి వచ్చిన రోజు సాయంత్రం తాతయ్య కాటా గొలుసులకి తానే నూనె పెట్టుకున్నాడు.

తాతయ్య తరువాత ఆ పీట మీద ఎవరూ కూర్చోలేదు. షెడ్డున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం, దానిమీద ట్యూషన్ సెంటరు. చేపలు థర్మాకోల్ పెట్టెల్లో వస్తున్నాయి, పిల్లలెవరూ వాటిలో చేతులు పెట్టరు. ఆ గనిలో నీళ్ళు నిండిపోయాయని విన్నాను. నాయనమ్మ, అమ్మ, నాన్న ఎవరూ లేరు. పూసలది, పల్లేరు అంటే ఏమిటో తెలిసినవాళ్ళం లోకంలో ఇక ఇద్దరమే మిగిలాం.

ఆ రెండోవాడు రిటైరయి, జుట్టంతా నెరిసి, మొన్న మా ఇంటికొచ్చాడు. మాటల మధ్యలో, ఇన్నేళ్ళకి మొదటిసారి, ఆ చుట్ట సంగతి బాబాయికి చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"నేనూ చూశానే" అన్నాడు. "రొంటిన పెట్టుకోవడం కూడా చూశా. అందుకే అటు రాకుండా ఆ గుట్ట కాడే తచ్చాడా."

"మరి అడగలేదేం?"

"ఆయన ఇవ్వాల్సింది, నేనడిగి తీసుకునేదేంటి?"

"ఒకవేళ పిలవకపోయుంటే?"

బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏముంది, ఎల్లి కాటా కాడ ఆయన పక్కన కూర్చునేవాణ్ణి."